జులేఖా వీపు, ఈరవ్వ చెయ్యి

ఈరవ్వను మొదటిసారి చూసిన రోజు నేను ఆమె మీద గట్టిగా అరిచాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ల్యాబులో అందరికీ తెలుసు, కాబట్టి ఎవరూ తల తిప్పి చూడలేదు. అరవై దాటిన మనిషి, బక్కపలచని ఒళ్ళు. కుడిచేతి వేళ్ళు మూడు ఎర్రగా ఉన్నాయి, ఎంత కడిగినా పోని ఎరుపు. కామారెడ్డిలో మా ఆసుపత్రి ల్యాబు గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడి నా తిట్లన్నీ విన్నది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఒక ప్రశ్న అడిగింది.

"బిడ్డా, తోలును తోలు ఎందుకు పట్టుకుంటలేదు?"

పదకొండేళ్ళుగా ఈ ల్యాబులో స్లైడ్లు చూస్తున్నాను. రక్తం, ఉమ్మి, చీము, ఏదొస్తే అది. గుమ్మం దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళూ "రిపోర్టు ఎప్పుడిస్తవు వందనమ్మా" అని అడుగుతారు, అంతకు మించి ఎవరూ ఏమీ అడగరు. ఈమె ప్రశ్నకు నా దగ్గర తయారుగా జవాబు లేదు. లేదని ఒప్పుకోవడం ఇష్టం లేక "పక్కకు జరుగు అవ్వా, దారికి అడ్డమున్నవ్" అన్నాను.

నేను ఎందుకు అరిచానో చెప్పాలి. ఆరోజు పొద్దున ఎల్లారెడ్డి నుంచి జులేఖా అనే నలభై రెండేళ్ళ మనిషిని ఆటోలో తెచ్చి వార్డులో చేర్చారు. ఇంట్లో కుట్టు మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టుకునే మనిషి. నడుము చుట్టూ, వీపు మీద, రొమ్ముల కింద నీటి బొబ్బలు. సగం పగిలి పచ్చిగా ఉన్నాయి. వాటి మధ్య ఎర్రమట్టితో గీసిన రెండు బొమ్మలు. వెంట వచ్చిన కూతురు షిరీన్, డిగ్రీ చదివే పిల్ల, ఏడుస్తూ గుమ్మం వైపు వేలు చూపించింది. "మా అమ్మీ తోలు వొలిచింది ఆ ముసల్దే మేడం. మూడు వారాల నుంచి స్నానం గూడ చెయ్యనియ్యలేదు."

అది విన్నాక నా నోరు ఆగుతుందా?

ఈరవ్వది ఎల్లారెడ్డిలో కుమ్మరి ఇల్లు. కుండలు కొనేవాళ్ళు తగ్గిపోయాక పెళ్ళిళ్ళకు ఐరేని కుండలు చేసి ఇవ్వడం, వేసవిలో మంచినీళ్ళ రంజన్లు చేయడం మాత్రమే మిగిలింది. కానీ ఆమె ఇంటికి మనుషులు రావడం తగ్గలేదు. ఆమె అక్కి రాస్తుంది. ఒంటి మీద ఒక పక్కన పట్టీ కట్టినట్టు మంటతో బొబ్బలు లేస్తే దాన్ని మావైపు అక్కి అంటారు. అది కుమ్మరి చెయ్యి పడితేనే తగ్గుతుందని నమ్మకం. ఆదివారం, గురువారం పరగడుపున రావాలి. ఈరవ్వ జాజును, అంటే ఎర్రమట్టిని, నీళ్ళలో కలిపి, కోడి ఈక ముంచి, బొబ్బల చుట్టూ సింహం బొమ్మ గీస్తుంది. సింహం అని ఆమె అంటుంది గానీ, జులేఖా వీపు మీద నేను చూసింది మాత్రం తోక లేపిన కుక్కలా ఉంది. బదులుగా ఒక కొబ్బరికాయ తీసుకుంటుంది. మాడే దాకా స్నానం వద్దు, మాంసం వద్దు అని పత్యం చెప్తుంది.

అసలు సంగతేమిటంటే అక్కి దానంతటదే రెండు మూడు వారాల్లో మాడిపోతుంది. అందుకే ఆ సింహం ఎప్పుడూ గెలుస్తుంది. అత్త దగ్గర నేర్చుకున్న నాటి నుంచి ముప్పై ఏళ్ళుగా ఈరవ్వ సింహం ఓడిపోయింది లేదు.

కానీ ఆ ముప్పై ఏళ్ళూ ఆమె కళ్ళు మూసుకుని గీయలేదు. అది నాకు తర్వాత తెలిసింది. మరుసటి రోజు చర్మం డాక్టరు కళ్యాణి మేడం ఆమెను కూర్చోబెట్టి ఏం చూశావో చెప్పమంటే, నేను పక్కనే ఉన్నాను.

"అక్కి నడుముకు ఒక్క దిక్కే వస్తది అమ్మా. ఎంత పెద్దగైనా ఎన్నెముక దాటదు. దాటి రెండు కొసలు కలిస్తే పానం పోతదని మా అత్త చెప్పింది. నేనైతే కలిసింది ఎన్నడు చూడలే. ఈ బిడ్డకు మొదటి ఆదివారమే రెండు దిక్కుల ఉన్నయ్."

కళ్యాణి మేడం నా వైపు చూసింది. అక్కి వైరస్ ఒకే నరం వెంట వస్తుంది కాబట్టి వెన్నెముక దాటదని మేడం పుస్తకంలో చదువుకుంది. ఈమె వీపులు చూసి కనిపెట్టింది.

మరి అంత తెలిసిన మనిషి ఏం చేసింది? ఇది అక్కి కాదేమో అనుకోవాల్సింది. అనుకోలేదు. ఇది ప్రాణం తీసే అక్కి అనుకుంది. రెండు కొసలూ కలవకుండా ఆపాలని ఒక సింహం బదులు రెండు గీసింది, ఎదురెదురుగా. వారానికి రెండుసార్లు కాదు, రోజూ గీసింది. పత్యం ఇంకా గట్టిగా పట్టింది. జులేఖా పక్క వీధి మనిషే, ఈరవ్వ మనవరాలి పెళ్ళికి జాకెట్లన్నీ ఊరికే కుట్టిపెట్టిన మనిషి. ఆమెను చావనివ్వకూడదన్న పట్టుదలతోనే ఇదంతా చేసింది.

నాలుగో ఆదివారం గీస్తున్నప్పుడు, చెయ్యి వణక్కుండా ఆనిక కోసం మణికట్టును జులేఖా వీపు మీద ఆనించిందట. అక్కడ బొబ్బ లేదు. మంచి చర్మమే. చెయ్యి పక్కకు జరిపేసరికి రూపాయి బిళ్ళంత తోలు మణికట్టుతో పాటు జరిగి వచ్చింది.

"నేను అరవలే. ఆమెకు చెప్పలే. తెల్లబట్ట కప్పి, ఆటో తెస్తనని బయటికొచ్చిన."

ఆటో తెచ్చింది ఈరవ్వే. కామారెడ్డి పోదామని పట్టుబట్టిందీ ఆమే. అది తెలిసి నేను కొంచెం తగ్గాను. క్షమించమని మాత్రం అడగలేదు, నా తలపొగరు నాది.

కళ్యాణి మేడం జులేఖాను మొదట అడిగింది వీపు గురించి కాదు, నోటి గురించి. నోరు తెరిపిస్తే చిగుళ్ళ మీద, బుగ్గల లోపల పుండ్లు. నాలుగు నెలల నుంచీ ఉన్నాయట. వేడి చేసిందని మజ్జిగ తాగింది, బలం గోలీలు మింగింది, కారం మానేసింది. తరువాత మేడం ఆమె భుజం మీద బాగున్న చోట బొటనవేలు ఆనించి మెల్లగా పక్కకు నెట్టింది. పై పొర ముడత పడి జరిగింది. కిటికీ దగ్గర నిలబడ్డ ఈరవ్వ అది చూసింది.

మేడం ఒక కొత్త బొబ్బ పైకప్పు తీసి, అడుగును మెల్లగా గీకి, ఆ తడిని గాజు పలక మీద పూసి నాకిచ్చింది. నేను రంగు వేసి ఆరబెట్టి మైక్రోస్కోప్ కింద పెట్టాను. మామూలుగా చర్మపు కణాలు గీకితే బల్లపరుపుగా, మూలలతో, ఒకదాన్నొకటి అంటుకుని పొరలు పొరలుగా వస్తాయి. ఇక్కడ ఒక్కటీ ఇంకోదాన్ని అంటుకుని లేదు. అన్నీ గుండ్రంగా, విడివిడిగా తేలుతున్నాయి. పుస్తకంలో బొమ్మ చూశాను తప్ప, ఇంత స్పష్టంగా ఎన్నడూ చూడలేదు. రోగి గతి ఏమవుతుందో తెలియని ఆ క్షణంలో నాకు ఉత్సాహం వచ్చింది. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ వచ్చింది.

తల ఎత్తితే గుమ్మం దగ్గర మళ్ళీ ఈరవ్వ.

"జెర నన్ను చూడనీ బిడ్డా."

రూలు ప్రకారం బయటివాళ్ళు లోపలికి రాకూడదు. రమ్మన్నాను. స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక కన్ను మూసుకోమని చెప్పాను. చాలాసేపు తన కనురెప్పే తనకు కనిపించినట్టుంది, "నల్లగున్నది" అంటూ ఉంది. తర్వాత ఉన్నట్టుండి చేతులు రెండూ బల్ల అంచును పట్టుకున్నాయి.

"ఇవి ఆమెవేనా?"

"ఆమెవే. ఆమె తోలే అది. చిన్న చిన్న గదుల్లెక్క ఉంటది, కణాలంటరు."

"సచ్చినయా?"

"లేదవ్వా. బతికే ఉన్నయ్. పక్కదాన్ని వదిలేసినయ్, అంతే."

ఆమె కన్ను తీయలేదు. "బతికుండి ఎందుకు వదిలేసినయ్?" అని అడిగింది.

అప్పుడు నేను గుమ్మం దగ్గర ఇవ్వని జవాబు ఇచ్చాను, నాకు వచ్చినంత. ఒంట్లో కణాలు ఊరికే పక్కపక్కన ఉన్నంత మాత్రాన నిలవవు. ప్రతి కణం తన పైపొర లోంచి సన్నటి ప్రోటీన్ పోగులను బయటికి చాస్తుంది, పక్క కణమూ చాస్తుంది, రెండూ మధ్యలో పట్టుకుంటాయి. ఒక్కో కణానికి ఇలాంటి పట్లు ఎన్నో. ఆ పట్టు, కణం లోపల ఎముకల్లా నిలిచే దారాలకు ముడిపడి ఉంటుంది. అందుకే మనం గోక్కున్నా, బరువు మోసినా, సబ్బు రుద్దినా చర్మం చర్మంగా ఉంటుంది. జులేఖా రక్తంలో, రోగాన్ని పట్టుకోవాల్సిన యాంటీబాడీలు అనే పదార్థాలు పొరబడ్డాయి. ఆ పట్లనే పరాయివనుకుని పోయి వాటికి అతుక్కున్నాయి. పట్టు సడలింది. సడలిన సందులోకి నీరు చేరింది. అదే బొబ్బ. దీని పేరు పెంఫిగస్. అంటురోగం కాదు, ఎవరి శాపమూ కాదు, ఎందుకు మొదలవుతుందో పూర్తిగా ఎవరికీ తెలియదు.

ఇదే సంగతి వార్డులో జులేఖాకు చెప్తే ఆమె రెండు ముక్కల్లో తేల్చేసింది. నోటి పుండ్లతో మాట సరిగా రావడం లేదు, అయినా చెప్పింది. "టిచ్ బటన్లు మేడం. బట్ట మంచిగనే ఉన్నది, బటన్లు ఊడినయ్." నేను పది నిమిషాలు పట్టి చెప్పింది అంతే కదా, అని నాకు కాస్త చిన్నతనం అనిపించింది.

హైదరాబాదుకు పంపిన చర్మపు ముక్క పరీక్ష కూడా అదే తేల్చింది. స్టెరాయిడ్ మందులు మొదలయ్యాయి. ఈరవ్వ రోజు విడిచి రోజు ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చేది. షిరీన్ ఆమెను వార్డులోకి రానివ్వలేదు. అందుకని వరండాలో కూర్చునేది, నేను టీ తాగడానికి బయటికి వస్తే పట్టుకునేది.

"మరి నెత్తురు ఎందుకు అంటుకోదు బిడ్డా? అది గూడ గవే గదులు గదా?"

"నెత్తురులో కణాలు తిరగాలె అవ్వా. మామూలప్పుడు అవి పట్టుకోవు. దెబ్బ తగిలితేనే పట్టుకుంటయ్."

"అంటే యాళ్ళ చూసి పట్టుకుంటయన్నమాట." "మట్టి గంతే" అన్నది. "ఊకె పోసిపెడితే మట్టిని మట్టి పట్టుకోదు. నీళ్ళు పోసి తొక్కితే పడుతది. నీళ్ళు ఎక్కువైతే మళ్ళ జారుతది."

ఇంకోరోజు నేనే కావాలని ఒకటి చెప్పాను, కాలేజీలో మా సారు చెప్పింది. సముద్రంలో స్పంజి అనే జీవి ఉంటుంది. దాన్ని సన్నటి గుడ్డలోంచి పిండితే కణాలన్నీ విడిపోయి నీళ్ళు మబ్బుగా అవుతాయి. వదిలేస్తే, ఆ కణాలు పాకుతూ వెతుక్కుని మళ్ళీ ఒక్కటవుతాయి. రెండు రకాల స్పంజిలను పిండి కలిపినా, కొన్ని రకాలైతే ఎర్రవి ఎర్రవాటితో, పచ్చవి పచ్చవాటితో చేరతాయి.

ఈరవ్వ టీ గ్లాసు కింద పెట్టేసింది. "వాటికి కండ్లున్నయా?"

"లేవు."

"మరి తనది ఏదో, పరాయిది ఏదో ఎట్ల ఎరుక?"

"తాకి చూస్తయి."

ఆ మాటకు ఆమె మొహం మారింది. తన చేతుల వైపు చూసుకుంది. నేను తెలివితక్కువదాన్ని, ఆరోజు గమనించలేదు. ఇన్నాళ్ళూ ఈ ప్రశ్నలన్నీ ఎందుకు అడుగుతోందో కూడా నేను ఆలోచించలేదు. చదువు లేకపోయినా ఎంత ఆసక్తి ముసలమ్మకు అని మురిసిపోయాను. ఆమె తిరిగి తిరిగి ఒక్కటే వెతుకుతోంది: ఆ తోలు ఊడింది తన చెయ్యి వల్లా, కాదా?

పదో రోజున జులేఖాకు జ్వరం నూట మూడు దాటింది. పచ్చి పుండ్ల నుంచి తీసిన చీము నా దగ్గరికి వచ్చింది. రెండు రోజుల్లో పళ్ళెం నిండా సూక్ష్మక్రిములు పెరిగాయి. ఈ రోగంలో మనుషులు బొబ్బలతో చావరు, వాటిలోంచి లోపలికి చేరే క్రిములతో చస్తారు. చర్మం అనే గోడ కూలాక ఇక అడ్డేముంది? షిరీన్ వరండా మెట్ల మీదే కూర్చుని ఉంది. ఈరవ్వ నా దగ్గరికి వచ్చి ఈసారి తిన్నగా అడిగింది.

"నా చెయ్యి తాకబట్టేనా ఇదంత?"

అబద్ధం చెప్పొచ్చు. ల్యాబులో పనిచేసేవాళ్ళకు అబద్ధం అలవాటు లేదు అని గొప్పలు పోను, ఆరోజు నాకు కోపంగా ఉంది, అంతే. "నీ చెయ్యి ఈ రోగం పెట్టలే అవ్వా. డాక్టరమ్మ రుద్దినా తోలు జరిగింది, నువ్వే చూసినవ్. కని మూడు వారాలు పోయినయ్. మట్టి పూసినవ్, నీళ్ళు తగలనియ్యలే. గిప్పుడు వచ్చిన జ్వరం ఆ పుండ్లల్లకెళ్ళే వచ్చింది."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "డాక్టరమ్మ ఎందుకు రుద్దిందో ఆమెకు ఎరుక," అంది. "నేను ఎరుక లేక రుద్దిన." బస్సు టైమయిందని వెళ్ళిపోయింది. ఆ తర్వాత కామారెడ్డికి రాలేదు.

నేను చెప్పింది నిజమే. కానీ అదే నిజాన్ని ఇంకోలా చెప్పొచ్చు. ఆమె ఆ ఆదివారం ఆటో తేకపోతే జులేఖా నాలుగో వారం కూడా జాజు కిందే ఉండేదని చెప్పొచ్చు. వెన్నెముక దాటిందని గమనించిన కన్ను ఎంత విలువైనదో చెప్పొచ్చు. అవేవీ నా నోట రాలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మందు మార్చాక జులేఖా జ్వరం ఆరు రోజులకు దిగింది. మూడో వారానికి కొత్త బొబ్బలు రావడం ఆగింది. పాత పుండ్లు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వచ్చాయి. ఈ రోగంలో ఒక మంచి ఉంది. కణాలు విడిపోయేది పై పొరల్లోనే కాబట్టి మచ్చ గుంట పడదు, నల్లబడుతుంది అంతే. రోజూ గోలీలు మింగాలి, నెలనెలా చూపించుకోవాలి, మళ్ళీ రావచ్చు కూడా. అవన్నీ చెప్పి పంపించారు.

సంక్రాంతి దాటాక మా చిన్నమ్మను చూడటానికి ఎల్లారెడ్డి పోయాను. ఈరవ్వ గురించి అడిగితే చిన్నమ్మ అంది: "అక్కి రాసుడు బంజేసింది. వచ్చినోళ్ళను కామారెడ్డి పొమ్మంటున్నది. గది మంచిదే గని, మనిషిని గూడ ముడుతలేదు. మనవరాలు బిడ్డను కని తెస్తే ఎత్తుకోలేదట, సూడు."

నా కాళ్ళు తిన్నగా ఈరవ్వ ఇంటికే పోయాయి. జులేఖాను చూడటానికి పోతున్నా, తోడు రమ్మన్నాను. రానంది. అరిచాను. ఈసారి అరవడం పనికొచ్చింది.

జులేఖా మిషన్ ముందు కూర్చుని ఉంది. మందుల వల్ల మొహం గుండ్రంగా ఉబ్బింది, కానీ మాట తేటగా ఉంది, నోటి పుండ్లు మానాయి. షిరీన్ మమ్మల్ని చూసి లేచింది, నాకు కుర్చీ వేసింది, ఈరవ్వకు వేయలేదు. ఈరవ్వ గుమ్మంలోనే నిలబడింది, చేతులు కొంగులో చుట్టుకుని.

"ఈరవ్వా, లోపటికి రా," అంది జులేఖా. "డాక్టరమ్మ రోజు వీపుకు కొబ్బరినూనె రాయుమన్నది. నాకు చెయ్యి అందుతలేదు."

"నేను రాస్త అమ్మీ," అంది షిరీన్ గబుక్కున.

"నువ్వు కూసో. ఈరవ్వ రాస్తది."

జులేఖాయే లేచి, నూనె సీసా తెచ్చి, ఈరవ్వ చేతులను కొంగులోంచి బయటికి లాగి అరచేతిలో నూనె పోసింది. వెనక్కి తిరిగి కుర్తా పైకెత్తి నేల మీద కూర్చుంది. వీపంతా నల్లటి మరకలు. ఈరవ్వ ఆమె వెనక కూలబడింది. చెయ్యి వీపు దాకా పోయి ఆగిపోయింది. నూనె వేళ్ళ సందుల్లోంచి కారి గచ్చు మీద పడుతోంది.

"నాతోని కాదు జులేఖా."

"పట్టుకుంటది ఈరవ్వా. ఇప్పుడు పట్టుకుంటది. రాయి."

ఈరవ్వ రెండు వేళ్ళు ఆనించింది. తీసి చూసుకుంది. మళ్ళీ ఆనించింది. తరువాత అరచెయ్యి మొత్తం. భుజం నుంచి నడుము దాకా మెల్లగా, మిన్నాగును ముట్టినంత భయంగా దించింది. తోలు జరగలేదు.

"గట్టిగ," అంది జులేఖా.

ఈరవ్వ గట్టిగా రుద్దింది. రుద్దుతూ ఏడ్చింది. ఏడుస్తూనే ఒంగి, మొహం ఆ వీపుకు దగ్గరగా పెట్టి, అరచెయ్యి కింద చర్మం ఎలా వెంట వచ్చి మళ్ళీ తన చోటికి పోతోందో కళ్ళు చిట్లించి చూసింది. షిరీన్ వచ్చి సీసా అందుకుని ఆమె చేతిలో ఇంకొంచెం నూనె పోసింది.